ఆ కాయితం ఏమైంది బిడ్డా?

ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదివే రోజుల్లో ఒక సంస్థ కోసం బస్తీలో సర్వే చేశాను. హైదరాబాద్‌లో, మూసీకి దగ్గర్లోనే. ఫారానికి ఇంత అని డబ్బులిచ్చేవాళ్ళు. ఇంటి పైకప్పు ఏమిటి, మరుగుదొడ్డి ఉందా, నెలకు ఎంత వస్తుంది, అప్పెంత, పిల్లలు బడికి పోతున్నారా, మానేస్తే ఎందుకు మానేశారు... ఇలా నాలుగు పేజీలు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఇంటి గడప దగ్గర కూర్చున్నాను. ఆమె ముందు చింతపండు కుప్ప. చిన్న సుత్తితో కొట్టి, గింజ తీసి, పండు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు వేస్తోంది. కిలో లెక్కన కూలి. నేను అడుగుతున్నాను, ఆమె చెయ్యి ఆపకుండా చెబుతోంది. అన్నీ చెప్పింది. చనిపోయిన కొడుకు సంగతి కూడా చెప్పింది. ఫారంలో దానికి గడి లేదు కాబట్టి అది రాయలేదు. చివరికి వేలిముద్ర తీసుకోబోతుంటే అడిగింది: "పోయినేడు గూడ ఓ పిల్లొచ్చి గివన్నీ రాస్కపోయింది. ఆ కాయితం ఏమైంది బిడ్డా?"

"పైకి పంపిస్తారమ్మా" అన్నాను. ఆ పైన ఎవరున్నారో నాకే తెలియదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పాను, సర్వేలు చేయించాను, వాటిమీద వ్యాసాలు రాశాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఇప్పుడు నేను గట్టిగా నమ్మేదేమిటంటే, ఒక బస్తీ గురించి చేసే పరిశోధనలో ఏం అడగాలో, ఏం రాయకూడదో, రాసిన కాగితం ఎక్కడ ఉండాలో తేల్చాల్సింది ఆ బస్తీవాళ్ళే. ముఖ్యంగా అక్కడి పడుచు పిల్లలు. ఈ మూడూ వాళ్ళ చేతుల్లో లేకపోతే, దానికి మనం ఎంత మంచి పేరు పెట్టినా, వాళ్ళ దగ్గర్నుంచి తీసుకుపోవడమే అవుతుంది.

పేర్లకేమీ కొదవలేదు. పార్టిసిపేటరీ యాక్షన్ రీసెర్చ్ అంటారు. కొలంబియా దేశపు సామాజికవేత్త ఓర్లాండో ఫాల్స్ బోర్డా వంటివాళ్ళు 1977లో అక్కడి కార్టహేనా నగరంలో సభ పెట్టి దీనికి ఒక రూపం ఇచ్చారు. తెలుగులో "భాగస్వామ్య కార్యాచరణ పరిశోధన" అని రాస్తారు గానీ, ఆ మాట బస్తీలో అంటే ఎవరూ తిరిగి చూడరు. నాతో పనిచేసిన బస్తీ పిల్లలు "మన లెక్క" అన్నారు. నాకు అదే బాగుంది.

ఈ లెక్క అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ముంబైకి వెళ్ళాలి. 1985 జులైలో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని చెబుతూనే, ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్ళను వానాకాలం అయ్యాక తీసెయ్యవచ్చని కోర్టు అంది. అప్పటికి ఆ ఫుట్‌పాత్‌ల మీద ఎంతమంది ఉన్నారో, ఎక్కడివాళ్ళో, ఏం పని చేస్తారో ఎవరి దగ్గరా లెక్క లేదు. చాలామందికి రేషన్ కార్డు లేదు, చిరునామా లేదు. లెక్కలో లేని మనిషిని తీసెయ్యడం సులువు.

అప్పుడు బైకుల్లా ప్రాంతంలో, స్పార్క్ అనే సంస్థతో కలిసి, ఆ ఫుట్‌పాత్‌ల మీది ఆడవాళ్ళే జనాభా లెక్క చేపట్టారు. దాదాపు 6,000 కుటుంబాలు, 27,000 మంది. నిన్న మొన్న ఊడిపడ్డవాళ్ళు కాదని, ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంటూ పక్కనే దొరికే పనులకు నడిచి వెళ్ళేవాళ్ళని ఆ లెక్కలో తేలింది. నగరం వాళ్ళ చవక కూలి మీద నడుస్తోంది, పడుకోవడానికి చోటు మాత్రం ఇవ్వదు. ఆ నివేదికకు వాళ్ళు పెట్టుకున్న పేరుకు అర్థం "కంటికి కనిపించని మేము" అని. ఆ మహిళలే తర్వాత మహిళా మిలన్ అనే సంఘంగా ఏర్పడ్డారు. వాళ్ళతో కలిసి నడిచిన జోకిన్ అర్పుతం కోలార్ బంగారు గనుల ఊళ్ళో పుట్టి, కుర్రవాడిగా ముంబై వచ్చి మురికివాడలో బతికినవాడు. ఆయన ఉన్న జనతా కాలనీని 1976లో కూల్చేశారు. కూల్చివేత అంటే ఏమిటో, కూల్చేవాళ్ళ ముందు చేతిలో కాగితం ఉంటే ఎంత తేడానో ఆయనకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వాళ్ళ పద్ధతి. రాసుకున్న లెక్కను మళ్ళీ అదే గల్లీలోకి తెచ్చి అందరి ముందూ చదవడం. తప్పుంటే అక్కడికక్కడే దిద్దడం. ఈ సంఘాలన్నీ తర్వాత తర్వాత దాన్నే ఒక నియమంగా పెట్టుకున్నాయి. నేను చదివిన యూనివర్సిటీలో శాంపిల్ సైజు గురించి ఒక సెమిస్టరంతా చెప్పారు. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అదే నగరంలో ఇరవై ఏళ్ళ తర్వాత పుకార్ అనే సంస్థ పడుచువాళ్ళతో ఈ పని మొదలుపెట్టింది. మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై స్థాపించిన సంస్థ అది. పరిశోధన చేయడం కూడా ఒక హక్కే, అది డిగ్రీలున్నవాళ్ళ సొత్తు కాదని ఆయన 2006లో ఒక వ్యాసంలో వాదించాడు. చాలీల్లో (ఒక్కో గది ఇళ్ళు వరుసగా ఉండే పాత భవనాల్లో), మురికివాడల్లో ఉండే పిల్లలు గుంపులుగా చేరి, తమకు నచ్చిన విషయం ఎంచుకుని, ఏడాదిపాటు దానిమీద పరిశోధన చేస్తారు. వాళ్ళను "బేర్‌ఫుట్ రీసెర్చర్లు" అన్నారు, ఒకప్పుడు చైనా పల్లెల్లో వైద్యం చేసిన చెప్పుల్లేని డాక్టర్లలాగా.

కౌలా బందర్ అని ముంబై తూర్పు తీరంలో ఒక బస్తీ ఉంది. పోర్ట్ ట్రస్ట్ భూమి. ప్రభుత్వం నోటిఫై చేయని, అంటే అధికారికంగా గుర్తించని, బస్తీ కాబట్టి మున్సిపాలిటీ నీళ్ళిచ్చే బాధ్యత తీసుకోలేదు. భూమిలోని పైపులకు మోటార్లు బిగించి, పొడవాటి గొట్టాలతో ఇంటింటికీ నీళ్ళు అమ్మేవాళ్ళు ఉన్నారు. అక్కడ ఉండే పరిశోధకులు, డాక్టర్లతో కలిసి దీన్ని కొలిచారు. 2013లో ప్రచురించిన ఆ లెక్క ప్రకారం, నగరంలో మిగతావాళ్ళు 1,000 లీటర్లకు 2 రూపాయల 25 పైసలు కడుతుంటే, కౌలా బందర్ జనం దానికి 52 నుంచి 206 రెట్లు కడుతున్నారు. అంత కట్టినా, నూటికి 95 ఇళ్ళలో మనిషికి రోజుకు 50 లీటర్లు కూడా దక్కడం లేదు. "మురికివాడలవాళ్ళు నీళ్ళు ఫ్రీగా వాడేసుకుంటారు" అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు! ఆ మాటకు జవాబు ఈ అంకెల్లో ఉంది. నీళ్ళు అమ్మేవాడు ఎవరో, ఏ గంటకు గొట్టం వేస్తాడో, ధర ఎప్పుడు పెంచుతాడో బయటనుంచి వచ్చిన మనిషికి ఎవరు చెబుతారు? ఆ గొట్టం కోసం తనూ ఎదురుచూసే మనిషికైతే ఒకరు చెప్పే పనే లేదు.

2014 డిసెంబరులో, పానీ హక్ సమితి వేసిన కేసులో, ఇల్లు చట్టబద్ధం కాకపోయినా మనిషికి నీళ్ళ హక్కు ఉంటుందని బాంబే హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఒక్క సర్వేతో వచ్చిందని నేను అనడం లేదు. కానీ ఇలాంటి తీర్పును అమలు చేయించాలంటే గల్లీ గల్లీకీ లెక్క కావాలి. అది ఆ గల్లీల్లోనే తయారవ్వాలి.

ఇక నా సంగతి. నాలుగేళ్ళ కిందట అదే బస్తీకి తిరిగి వెళ్ళాను. తొమ్మిది మంది పిల్లలు చేరారు. ఇంటర్, డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలు ఐదుగురు, మగపిల్లలు నలుగురు. వాళ్ళలో ఇద్దరు సాయంత్రాలు ఫుడ్ డెలివరీకి పోతారు. కమ్యూనిటీ హాల్లో కూర్చున్నాం. పదో తరగతి తర్వాత ఆడపిల్లలు చదువు ఎందుకు మానేస్తున్నారో కనుక్కుందామని నేను అన్నాను. ప్రశ్నలు కూడా రాసుకునే వెళ్ళాను.

ఒక అమ్మాయి నెమ్మదిగా అంది: "మేడమ్, అది మాకు తెల్సు. తెల్సిందే మళ్ళ ఎందుకు అడుగుడు? మాకు తెల్వంది చూద్దాం."

తెలియనిది ఏమిటని అడిగాను. ఒక్కసారి అందరూ మాట్లాడారు. మా గల్లీకి నల్లా అర్ధగంట, పక్క గల్లీకి గంట. ఎందుకు? టైము ఎవరు పెడతారు? రోజు విడిచి రోజు అంటారు, ఒక్కోసారి మూడు రోజులకు వస్తుంది. చెప్పేవాళ్ళు లేరు. నా కాగితాలు సంచిలో పెట్టేశాను. నిజం చెప్పాలంటే మనసులో కొంచెం కష్టంగానే అనిపించింది. నీళ్ళ మీద నాకేమీ తెలియదు మరి.

నెలన్నర పాటు గల్లీకి ఒకరు చొప్పున రూళ్ళ నోటుబుక్కుల్లో రాశారు. ఒక పేజీ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది: "మంగళారం. నల్లా వచ్చింది 8.10. పోయింది 8.45. 11 బిందెలు. మధ్యల ఎవరో మోటర్ పెట్టిన్రు, ధార సన్నగైంది. అమ్మ పనికి పోయింది, నేను పట్టిన." చివరి వాక్యం రాయమని నేను చెప్పలేదు. ఆ పిల్లే రాసుకుంది. కొన్నాళ్ళకు మిగతావాళ్ళు కూడా నీళ్ళు ఎవరు పట్టారో రాయడం మొదలుపెట్టారు.

నెలన్నర తర్వాత అన్నీ కలిపి చార్టు మీద గీస్తుంటే, ఇంటర్ చదివే అమ్మాయి తన కాలేజీ హాజరు కూడా పక్కన రాసి చూసుకుంది. నల్లా ఎనిమిది దాటాక వచ్చిన ప్రతిరోజూ మొదటి పీరియడ్ పోయింది. వాళ్ళమ్మ ఆరింటికే ఇళ్ళల్లో పనికి వెళ్తుంది. తమ్ముడు పడుకునే ఉంటాడు. మిగతా అమ్మాయిలు కూడా చూసుకున్నారు. అందరికీ దాదాపు అదే కథ. హాజరు తక్కువైతే పరీక్ష ఫీజుతో పాటు ఫైన్, ఫైన్ అంటే ఇంట్లో గొడవ, ఆ గొడవ చివరికి "చదివింది చాలు" దగ్గర ఆగుతుంది. నేను సంచిలో పెట్టేసిన ప్రశ్నకు వాళ్ళ నోటుబుక్కులోనే జవాబు దొరికింది. నేను అనుకున్నట్టే ఫారం పట్టుకుని తిరిగి ఉంటే, "ఎందుకు మానేశారు" అన్నచోట "ఆసక్తి లేదు" అనో "పెళ్ళి" అనో టిక్కు పెట్టుకుని వచ్చేదాన్ని.

"వాళ్ళ లెక్క వాళ్ళే రాసుకుంటే పక్షపాతం రాదా?" అని తోటి అధ్యాపకులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. మా దగ్గరా జరిగింది. ఒక అబ్బాయి వాళ్ళ చిన్నమ్మ ఇంటికి వచ్చే నీళ్ళు బాగా తగ్గించి రాశాడు. కలిసి చదువుకునే రోజున ఇంకో అబ్బాయి వెంటనే పట్టేశాడు: "అరే, మీ చిన్నమ్మోళ్ళ ఇంట్ల సంపు ఉంది గదరా. మోటర్ ఏస్తె నిండుతది." అబ్బాయి తల దించుకుని కొట్టేసి మళ్ళీ రాశాడు. బయటనుంచి వచ్చిన సర్వేయర్‌కి ఆ ఇంట్లో సంపు ఉందని ఎప్పటికీ తెలిసేది కాదు. పక్షపాతం అందరికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. దాన్ని పట్టుకునేవాళ్ళు పక్కన ఉన్నారా లేదా అన్నదే నేను అడుగుతాను.

రాయకూడనిది ఏమిటన్నది అంతకన్నా పెద్ద విషయం. మ్యాప్ గీసే రోజు ఒక అబ్బాయి, పర్మిషన్ లేని నల్లా కనెక్షన్లను ఎర్ర స్కెచ్‌తో చుక్కలు పెట్టాడు. నాకు చాలా సంతోషమేసింది, ఇంత వివరమైన సమాచారం ఎక్కడా దొరకదని. ఇందాక తెలియనిది చూద్దామన్న అమ్మాయే లేచి అడిగింది: "ఈ కాయితం రేపు ఎవల చేతికి పోతదో నీకు తెల్సా?" హాలంతా నిశ్శబ్దం. సమాచారం సగం వదిలేస్తే పరిశోధన ఎలా అవుతుందని నేను కాసేపు వాదించాను. ఒప్పుకోలేదు. ఆ చార్టు చింపేసి, చుక్కలు లేకుండా కొత్తది గీశారు.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక కరాచీ గుర్తొచ్చింది. అక్కడ అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో మొదలుపెట్టిన ఓరంగీ పైలట్ ప్రాజెక్టులో గల్లీవాళ్ళే డబ్బులేసుకుని డ్రైనేజీ వేసుకున్నారు. స్థానిక యువకులు కొలతలు నేర్చుకుని బస్తీల మ్యాపులు గీశారు. ఆ పనిని ముందుండి నడిపించిన ఆర్కిటెక్ట్ పర్వీన్ రెహ్మాన్, నగరం అంచున భూములు ఎవరివో, నీళ్ళు ఎక్కడ దొంగతనంగా మళ్ళుతున్నాయో మ్యాపుల మీదికి తెచ్చింది. 2013 మార్చి 13న ఇంటికి వెళ్తుంటే కాల్చి చంపారు. మ్యాపు అంటే అంత బరువైన వస్తువు. పేదవాడికి పట్టా ఇప్పించేదీ అదే, బుల్‌డోజర్‌కి దారి చూపించేదీ అదే. ఆ బరువు మోసేవాళ్ళు ఎర్ర చుక్కలు వద్దంటే, వద్దనే.

నీళ్ళ ఆఫీసుకు కూడా వెళ్ళాం. మొదటిసారి ఎవరూ కూర్చోమనలేదు. రెండోసారి నోటుబుక్కుల జిరాక్సు తీసుకెళ్తే, ఒక ఇంజినీరు పది నిమిషాలు పేజీలు తిప్పి, "ఇది ఎవరు రాశారు?" అని అడిగాడు. పిల్లలు చేతులెత్తారు. పై గల్లీకి ప్రెషర్ ఎందుకు అందడం లేదో ఆయనే కాగితం మీద గీసి చెప్పాడు. నల్లా టైము ఏడింటికి మారింది. ఐదు నెలలు బాగానే నడిచింది. తర్వాత మళ్ళీ తప్పుతూ వచ్చింది, పిల్లలు మళ్ళీ నోటుబుక్కులు పట్టుకుని వెళ్ళారు. గెలుపు కథ చెప్పడం నా ఉద్దేశం కాదు. అడగడానికి వెళ్ళేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండటం ఎలా ఉంటుందో వాళ్ళు చూశారు. అది చాలా పెద్ద విషయమని నేననుకుంటాను.

నాకు కోపం తెప్పించే సంగతి కూడా ఒకటి చెప్పాలి. మా పిల్లల పని విని ఒక సంస్థ వచ్చింది. నలుగురిని తీసుకుని, ట్యాబులిచ్చి, ఫారానికి ఇంత అని సర్వే చేయించింది. ప్రశ్నలు ఎక్కడో తయారయ్యాయి. సమాచారం ఎక్కడికో పోయింది. కొన్ని నెలలకు ఇంగ్లీషులో రంగురంగుల రిపోర్టు వచ్చింది. "యువత నడిపిన పరిశోధన" అని అర్థం వచ్చే మాట అట్ట మీదే ఉంది. దాని కింద మా డెలివరీ అబ్బాయి ఫొటో, బిందె మోస్తూ. అతన్ని ఎవరూ అడగలేదు. స్నేహితుడి ఫోన్‌లో చూసుకున్నాడు. "అక్కా, గిదంత మనం జేసిందేనా?" అని అడిగాడు. నాకు మళ్ళీ చింతపండు కుప్ప ముందు కూర్చున్నట్టే అయింది. తక్కువ కూలికి దొరికే సర్వేయర్లుగా బస్తీ పిల్లల్ని వాడుకోవడాన్ని భాగస్వామ్యం అని పిలవడం మానెయ్యాలి. ఇంకో మాట. వాళ్ళ సమయానికి డబ్బివ్వాలి. ఆ అబ్బాయి మీటింగుకు వచ్చిన ప్రతి సాయంత్రం నాలుగైదు ఆర్డర్లు పోగొట్టుకున్నాడు. జీతం తీసుకుంటూ కూర్చున్న నేను, అతన్ని సేవాభావంతో రమ్మని ఎలా అంటాను?

ఇలాంటి లెక్కలు తేల్చింది అధికారంలో ఉన్నవాళ్ళకు నచ్చనప్పుడు ఏం జరుగుతుందో మన దగ్గరే చూశాం. 2001లో మెదక్ జిల్లా ఆల్గోల్‌లో ప్రజాతీర్పు జరిగింది. చిన్న రైతులు, ఎక్కువమంది ఆడవాళ్ళు జ్యూరీగా కూర్చుని, రోజుల తరబడి సాక్ష్యాలు విని, అప్పటి ప్రభుత్వ విజన్ 2020లోని వ్యవసాయం గురించి తీర్పు చెప్పారు. భూమి మీద బతికేవాళ్ళను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించే ఆలోచన మాకొద్దు అన్నారు. ఆ తర్వాత ఆ పద్ధతి సరిగా లేదనే విమర్శ లేచింది. బ్రిటన్ ప్రభుత్వ సహాయ సంస్థ కూడా తప్పుపట్టింది. పల్లెలను ఖాళీ చేయించే ప్రణాళికకు మాత్రం ఏ రైతును, ఏ పద్ధతిలో అడిగారో ఎవరూ లెక్క చూపలేదు. పల్లె సంగతి ఇక్కడెందుకంటే, అలా తగ్గిపోయిన మనుషులే మా బస్తీలో ఉన్నారు. 2011 నాటికే హైదరాబాద్ మహానగరంలో దాదాపు మూడోవంతు మంది మురికివాడల్లో ఉన్నారు. చింతపండు కొట్టే ఆ పెద్దావిడ కూడా మెదక్ వైపు నుంచి వచ్చిందే.

మా నివేదిక నాలుగు పేజీలు. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. జిరాక్సు తీయించి రెండు గల్లీల్లో ఇంటింటికీ ఇచ్చాం. చివరి పేజీలో రోజువారీ పట్టిక ఉంది. పెద్దావిడ ఇంటికి నేనే వెళ్ళాను. నన్ను గుర్తుపట్టలేదు. "ఇదేనమ్మా కాయితం" అని ఇస్తే, చేతులు చీరకు తుడుచుకుని తీసుకుంది. చదవడం రాదు. మనవరాలిని పిలిచి చదవమంది. ఆ పిల్ల వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుతోంది, ఈమె చింతపండు కొడుతూ వింటోంది. ఒకచోట సుత్తి ఆపింది.

"ఆగు. ఆ ఐతారం నల్లా ఎక్కడొచ్చింది? ఆ దినం మన గల్లీల బోనాలుండె. నల్లా రాలే, టాంకర్ ఒచ్చింది. తప్పు రాసిన్రు."

ఆ గల్లీ నోటుబుక్కు తెప్పించి చూశాం. అందులో సరిగ్గానే ఉంది: "నల్లా రాలే. టాంకర్." పట్టికలోకి ఎక్కించేటప్పుడు వరుస తప్పింది. మనవరాలు నా పెన్ను అడిగి తీసుకుంది. ఆ గడి కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో టాంకర్ అని రాసింది. తర్వాత, మిగతా ఇళ్ళ కాయితాలు కూడా దిద్దాలి కదా అని, పెన్ను తిరిగి ఇవ్వకుండానే పక్కింటికి పోయింది.